కోటకొమ్మల నీడన

రాతికోట ముందు నిలబడితే కొండ గుర్తొస్తుంది. మట్టికోట ముందు నిలబడితే మనుషుల చేతులు గుర్తొస్తాయి. గద్వాల కోటలో ఇంకా మిగిలి ఉన్న గోడలను పొద్దు వాలే వేళ, వెలుతురు పక్కవాటుగా పడుతున్నప్పుడు చూడాలి. తడిపి తొక్కిన మట్టిని వరుస మీద వరుసగా పేర్చి ఎత్తుకుంటూ పోయిన గోడలవి. మూడు వందల ఏళ్లుగా వానలు వాటిని కొద్దికొద్దిగా నేలకు దించుతున్నాయి. నీళ్లు జారిన చాళ్లు, ఆ చాళ్లలో మొలిచిన గడ్డి, ఎండాగాలీ కలిసి ఇంకా గుండ్రన చేసిన బురుజులు కట్టినవాళ్లు తలపెట్టని ఒక అందాన్ని ఆ గోడలకు తెచ్చాయి. భయపెట్టడానికి పుట్టిన కట్టడం ఇంత సౌమ్యంగా వయసు మీదేసుకోవడం నేను మరోచోట చూడలేదు.

ఆ సౌమ్యత ఎక్కడిది? కోట ఇల్లుగా ఎప్పుడు మారుతుంది? మారాక దాని వీరం ఎటు పోతుంది? గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ చూసినవాళ్లకు ఈ ప్రశ్నలు పుట్టక మానవు. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు ఈ మూడు ఊళ్లూ జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోకి వేరువేరుగా వెళ్లాయి. అంతకుముందు అన్నీ పాలమూరే. ఇంకా ముందుకు వెళితే, నిజాంకు పేష్కష్ అనే కప్పం కట్టి తమ నేలను తామే ఏలుకున్న సంస్థానాలు.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేలను అక్కడివాళ్లు నడిగడ్డ అంటారు. పైన రాయచూరు నుంచి కింద ఆలంపురం దాకా ఈ అంతర్వేది కోసం బహమనీలూ విజయనగరమూ తరతరాలు కొట్టుకున్నారు. అలాంటి నేల మీద 18వ శతాబ్దం తొలినాళ్లలో పెద్ద సోమభూపాలుడు కోట కట్టాడు. జనం నోట ఆయన నల సోమనాద్రి. కర్నూలు నవాబుతో తలపడిన వీరుడిగా ఆయన కథ పాటల్లో బతికింది. కొండలు లేని మైదానంలో, చేతికి అందిన నల్లమట్టీ ఎర్రమట్టీ పోగుచేసి చుట్టూ అగడ్త తవ్వించి కట్టిన కోట ఇది. మట్టిని ఎంచుకోవడం లేమి అనుకోవద్దు. ఫిరంగిగుండు తగిలితే రాతిగోడ పగులుతుంది, మందమైన మట్టిగోడ గుండును మింగేసి ఊరుకుంటుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ మట్టికోట 1805లో జనరల్ లేక్ సైన్యాన్ని దాడి మీద దాడిగా తిప్పికొట్టింది ఈ గుణంతోనే.

కోటలోపల చెన్నకేశవస్వామి గుడి మాత్రం రాతిది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది ఈ ఎంపికే. తన ప్రాణాన్ని కాచే గోడను రాజు మట్టికి అప్పగించాడు, తన దేవుణ్ని రాతికి అప్పగించాడు. ఏది కరిగిపోవచ్చో, ఏది నిలవాలో కట్టేటప్పుడే తేల్చుకున్న మనసు అది. వాకిలి దాటి లోపలికి నడుస్తుంటే గోధుమవన్నె గోడల మీదుగా గోపురం పైకి లేస్తుంది. కన్ను మెత్తని గీతల నుంచి చెక్కిన గీతలకు మారుతుంది. మట్టిగోడ నీడను అంచులు లేకుండా పరుస్తుంది, శిల్పం నీడను కత్తిరించి పెడుతుంది. ఒకే ఆవరణలో రెండు రకాల నీడలు. వీరాన్ని పక్కనే శాంతం ఆనుకుని ఉన్నట్టు ఆ చోటు మనసుకు తగులుతుంది. ఆలంకారికులు ఈ రెండు రసాలకూ పొత్తు కుదరదన్నారు. గద్వాలలో మాత్రం పాతిక అడుగులు నడిస్తే ఒకదాన్నుంచి మరొకదానిలోకి పోవచ్చు, మధ్యలో ఏ తెంపూ అనిపించదు.

ఆ మట్టి మోసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. సంస్థానాల కాలం వెట్టి నడిచిన కాలం. ఈ గోడల అందాన్ని పొగిడేటప్పుడు వాటిని ఎత్తిన భుజాలను మరచిపోతే ఆ పొగడ్త సగమే నిజం. నాకు మాత్రం ఆ గోడల్లో రాజుకంటే కూలీయే ఎక్కువ కనిపిస్తాడు. రాతి మీద శిల్పి ఉలి గుర్తు ఉంటుంది, మట్టిలో తొక్కినవాళ్ల బరువు ఉంటుంది.

కోటకు పేరు తెచ్చింది యుద్ధాలకంటే సభలు. విద్వద్గద్వాల అన్న పేరు ఊరికే రాలేదు. 18వ శతాబ్దం ద్వితీయార్ధంలో చిన సోమభూపాలుడి కాలానికి ఈ కోట కవుల చిరునామా అయింది. కాణాదం పెద్దన సోమయాజి ముకుందవిలాసం ఆ ఆస్థానంలో పుట్టిన ప్రబంధమే. తర్వాత కాలంలో తిరుపతి వెంకటకవులు అవధానాల జైత్రయాత్రలో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు వాకిళ్లన్నీ తొక్కారు. వాళ్ల నానారాజ సందర్శనంలో ఈ సంస్థానాలకు చోటుంది. ఎద్దుల బండ్ల మీద, కృష్ణ దాటి, గోదావరి జిల్లాల నుంచి అంతదూరం వచ్చిన కవికి ఆ గోడలు ఎలా కనిపించి ఉంటాయి? శత్రువు లెక్కపెట్టే బురుజుల్ని కవి లెక్కపెట్టడు. ఆయన చూపు వాకిలి మీదే ఉంటుంది. తెరిచి ఉందా, ఎవరు ఎదురొస్తున్నారు, సభ ఏ పూట. కోట ఇల్లు కావడం అక్కడే మొదలైందని నా నమ్మకం. వాకిలి ఎవరి కోసం తెరుచుకుంటుందన్న సంగతి మారిన రోజున గోడలో ఒక్క పెళ్ల కూడా కదలకుండానే కోట తన స్వభావం మార్చుకుంది.

ఇంగ్లండులో ఇదే మార్పు మరో దారిన నడిచింది. అక్కడ ఒకప్పుడు గోడకు కోటకొమ్మలు పెట్టుకోవాలంటే రాజు అనుమతిపత్రం కావలసి వచ్చేది. ససెక్స్‌లోని హర్స్ట్‌మన్సూ కోట కట్టడానికి రోజర్ ఫైన్స్‌కు ఆ పత్రం 1441లో అందింది. ఆయన ఆరో హెన్రీ రాజగృహానికి కోశాధికారి. మొత్తం ఇటుకతో, నీటి కందకం నడుమ ఎర్రగా లేచిన ఆ కోట పుట్టేటప్పటికే సగం ఇల్లు. కొమ్మలున్నాయి, బురుజులున్నాయి, వాటి మధ్య వెడల్పాటి కిటికీలూ ఉన్నాయి. యుద్ధానికి పనికొచ్చే గోడలో అంత కిటికీ ఎవరూ పెట్టరు. 1777లో సొంతదారులే లోపలి భాగమంతా విప్పించి ఆ సామానుతో దగ్గర్లోనే కొత్త ఇల్లు కట్టుకున్నారు. నూరేళ్లకు పైగా ఆ డొల్లగోడల్ని తీగలు అల్లుకుని, శిథిలాలు చూడ్డానికి వచ్చేవాళ్లకు అదొక విడిది అయింది. 1913లో మొదలైన పునర్నిర్మాణం 1930లలో పూర్తయింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత గ్రీనిచ్ రాజ ఖగోళశాల అక్కడికి తరలింది. 1990లలో అది కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయం విద్యార్థుల చదువుల చోటయింది.

ఇంగ్లిష్ కోటలు ఇళ్లయింది ముఖ్యంగా కిటికీ దారిన. గోడను తొలిచి వెలుతురు రప్పించుకున్నారు, కిటికీ ముందు పచ్చిక పరిచారు, పచ్చిక చివర కొలను పెట్టారు. లోపల కూర్చున్నవాడి కంటికి బయటి నేలంతా చిత్రపటం. ఆ చూపులో ఒక గొప్ప సౌందర్యం ఉంది, కాదనను. కానీ అది సొంతదారు కంటి కోసం తెరిచిన గోడ. గద్వాల గోడ అలా ఎక్కడా కళ్లు తెరవలేదు. అది చివరిదాకా గుడ్డిగోడగానే ఉండి, వాకిలి ఒక్కటీ తీసి పెట్టింది. రాజు బయటికి చూడ్డం కోసం కాక, బయటివాళ్లు లోపలికి రావడం కోసం. కట్టడంలో ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది. అనుభవంలో చాలా పెద్దది. హర్స్ట్‌మన్సూ ముందు నిలబడితే ఆ కిటికీల్లో ఎవరో ఉన్నారనిపిస్తుంది. గద్వాల ముందు నిలబడితే లోపలికి నడవాలనిపిస్తుంది.

ఇప్పుడు ఆ వాకిలి గుండా నడుస్తున్నది కళాశాల పిల్లలు. భర్త పోయాక 1924లో సంస్థానాన్ని చేతిలోకి తీసుకుని, హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసేదాకా ఏలిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల కోటలోనే ఉంది. సైకిళ్లు, సంచులు, పరీక్షల హడావుడి, అదే దారిలో చెన్నకేశవుడికి ఒక నమస్కారం. రాణి పేరు మీద చదువు, సోమనాద్రి గోడల మధ్య, ఎవరి అనుమతీ అడగకుండా లోపలికి వచ్చే రైతు ఇంటి పిల్లకు. కోట తన చరిత్ర మొత్తంలో ఇంత పెద్ద సభను చూసి ఉండదు.

ఇక కోటకొమ్మల సంగతి. గోడల మీది మట్టికొమ్మలు వానకు కరిగిపోయాయి. కానీ ఆ ఊళ్లో కోటకొమ్మలు ప్రతిరోజూ పుడుతూనే ఉన్నాయి, మగ్గం మీద. గద్వాల చీర ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టూ జరీ. నూలు పేక ఒక నాడెతో, అంచు పట్టు మరో నాడెతో వస్తాయి. రెండూ కలిసే చోట ప్రతి పోగు దగ్గరా ఒకదాన్నొకటి మెలిపెట్టుకుని వెనక్కి తిరుగుతాయి. ఈ ముడి పడకపోతే చీర అంచు దగ్గర చీలిపోతుంది. ఈ నేతను కుప్పడం అంటారు. నూలు పట్టులోకి, పట్టు నూలులోకి మెట్లు మెట్లుగా చొచ్చుకుపోయే ఆ సరిహద్దు మీద వరసగా లేచే త్రికోణాల పేరే కోటకొమ్మ.

ఆ అంచును అరచేతిలో పరుచుకుని చూడండి. ఒంటి నేత దగ్గర వేలికి ఆరిన నూలు గరుకు తగులుతుంది. ఒక్క పోగు దాటితే పట్టు జారుతుంది. ఆ రెంటి మధ్య గీత తిన్నగా ఉంటే రంగు రంగును నరికేసినట్టు ఉండేది. కొమ్మలుగా లేవడం వల్ల ఒక రంగు మరోదాని ఇంట్లో అడుగు పెడుతుంది. తమలపాకు పచ్చ ఒంటికి కుంకుమ రంగు అంచు ఉన్న చీరలో ఈ మెట్ల దగ్గర కన్ను ఆగిపోతుంది, అక్కడ మూడో రంగేదో ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. అది దారంలో లేదు, రెండు రంగుల పోటీలో పుట్టింది. ఏ వర్ణచిత్రకారుడైనా ఈ అంచు ముందు కాసేపు కూర్చోవాలి. ఇంగ్లండులో రాజముద్ర ఉంటే తప్ప దక్కని కొమ్మలు ఇక్కడ పెళ్లికి వెళ్లే ప్రతి ఆడపడుచు పాదాల దగ్గర, కుచ్చిళ్ల వెంట, వరసగా కదులుతుంటాయి.

గద్వాల నేతలో శిఖరం తిరుమల వేంకటేశ్వరుడి జోడు పంచెలు. ఏరువాడ జోడు పంచెలని పేరు. బ్రహ్మోత్సవాల వేళ మూలమూర్తికి సమర్పించే ఈ పంచెలను పంపే ఆచారం గద్వాల సంస్థానం నుంచి నడుస్తూ వస్తోంది. నేతగాళ్లు 41 రోజులు దీక్షలో ఉండి నేస్తారు. 11 గజాల పొడవు, రెండున్నర గజాల వెడల్పు. అంత వెడల్పాటి మగ్గం మీద నాడెను ఈ చివరి నుంచి ఆ చివరికి పంపాలంటే ఒక్కరి చేయి చాలదు. ఆ పంచెల అంచుల మీదా కోటకొమ్మలే. కోటను కాచిన గీత దేవుడి పాదాల దాకా చేరి అక్కడ నమ్రంగా మడత పడింది. సంస్థానం పోయింది, పేష్కష్ పోయింది, ఫిరంగులు నిద్రపోయాయి. ఈ ఒక్క గీత మాత్రం ఏటా కొత్తగా పుట్టి కొండెక్కుతోంది.

వనపర్తికి వచ్చేసరికి కథ మారుతుంది, ఇక్కడ కిటికీ వచ్చింది. వనపర్తిని ఏలిన జనుంపల్లి రెడ్డిరాజుల తొలి కేంద్రం సూగూరు. అష్టభాషా బహిరీ గోపాలరావు బిరుదులోనే ఈ వంశానికి చదువు మీద ఉన్న మోజు తెలుస్తుంది. శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి గుడి, గుడి ముందు రంగసముద్రం: నీటిలో గోపురం తలకిందులుగా నిలిచే ఆ చోటు ఈ వంశం కట్టించిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టం. చెరువులకు సముద్రాలని పేరు పెట్టి, సప్తసముద్రాలని మురిసిపోయిన నేల ఇది. వానలు ముఖం చాటేసే పాలమూరులో చెరువును సముద్రమని పిలవడం అతిశయోక్తి అనిపించదు, ప్రార్థన అనిపిస్తుంది.

ఈ వంశంలో మొదటి రామేశ్వరరావు 1866 దాకా ఏలాడు. ఆఫ్రికా సంతతి సిద్దీలతో ఆయన కూర్చిన అశ్వదళం తర్వాత నిజాం సేనలో చేరింది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచే వచ్చింది. ఆయన వారసుడు, 1923లో పుట్టిన మూడో రామేశ్వరరావు, స్వతంత్ర భారతదేశపు విదేశాంగ అధికారిగా ఆఫ్రికాకే వెళ్లారు. తర్వాత మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు, ఓరియంట్ లాంగ్‌మన్ పుస్తక ప్రచురణ సంస్థను నడిపారు. ఈ ఇంటి చూపు మొదటి నుంచీ దూరానికి వెళ్లే చూపు. ఇంటి కట్టడంలోనూ అది కనిపిస్తుంది.

వనపర్తి రాజప్రాసాదం కోటను మరచిన ఇల్లు. కమానులు, వరండాలు, ఎత్తయిన కప్పులు. యూరప్ పోకడలు హైదరాబాద్ మీదుగా పాలమూరుకు నడిచొచ్చి ఇక్కడి ఎండకు తగ్గట్టు సర్దుకున్నాయి. ఈ వరండాల్లో కూర్చుంటే వెలుతురే వస్తువు. కమాను ఒకటి వెలుతురును విల్లులా వంచి నేల మీద వేస్తుంది, పక్క కమాను దాన్ని అందుకుంటుంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి ఆ వంపులన్నీ నడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్లి సన్నబడిపోతాయి. రాజు కోసం కట్టిన ఇంట్లో సూర్యుడికే అన్ని గదుల్లోకీ ప్రవేశం దక్కింది.

ఈ ప్రాసాదంలో 1959 నుంచి ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చి ప్రారంభించారు. కె.డి.ఆర్. పాలిటెక్నిక్‌గా తెలుగునాట ఎంతమంది ఇంజినీర్లకు అది మొదటి మెట్టో! రాజదర్బారుకు తగిన ఎత్తున్న కప్పు కింద డ్రాయింగ్ బోర్డులు, టీ స్క్వేర్లు. కొలతలు నేర్చుకునే పిల్లాడికి తలెత్తితే కనిపించే కమాను పాఠ్యపుస్తకంలో లేని పాఠం. వక్రరేఖ మీద బరువు ఎలా నిలుస్తుందో, ఆ నిలవడం కంటికి ఎందుకు హాయిగా ఉంటుందో రెండూ ఒకే చోట తెలుస్తాయి. దానికి ఏడేళ్లు ముందే, 1952లో, వనపర్తి ఓటర్లు సురవరం ప్రతాపరెడ్డిని హైదరాబాద్ శాసనసభకు పంపారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబిచ్చిన మనిషి ఆయన. ఆ కవులకు నీడనిచ్చిన సంస్థానపు ఊరే ఆయన్ను ఎన్నుకుంది.

వనపర్తి గురించి ఆలోచించినప్పుడల్లా మానవల్లి రామకృష్ణకవి గుర్తొస్తారు. మరుగునపడ్డ తాళపత్రాలను వెతికి వెలికితీయడమే బతుకుగా పెట్టుకున్న పండితుడు. నన్నెచోడుడి కుమారసంభవం మళ్లీ లోకానికి దొరికింది ఆయన చేతుల మీదుగా, 1909లో. వనపర్తి సంస్థానం ఆయనకు కొంతకాలం ఆశ్రయమిచ్చింది. తర్వాత బరోడా గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలలో భరతుడి నాట్యశాస్త్రాన్ని అభినవగుప్తుడి వ్యాఖ్య అభినవభారతితో కలిపి పరిష్కరించారు. మొదటి సంపుటం 1926లో వెలువడింది. అంతకుముందు అభినవభారతి పండితలోకానికి అచ్చులో చేతికందలేదు. ఈ రోజు మనం రసం గురించి ఏం మాట్లాడినా ఆ శ్రమకు రుణపడే మాట్లాడతాం.

ఆ వ్యాఖ్యలో నా ప్రశ్నకు జవాబు ఉంది. రంగస్థలం మీది భయం నాది కాదు, శత్రువుదీ కాదు, నటుడిదీ కాదు. ఎవరిదీ కాకుండా పోయినప్పుడే ఆ భావం అందరిదీ అవుతుంది, రసంగా రుచికి వస్తుంది. సాధారణీకరణం అంటారు దీన్ని. గద్వాల బురుజును 1710లో చూసిన కర్నూలు సైనికుడికి దక్కింది ఉత్త భయం. ఆ బురుజు వెనక నిలబడ్డ కావలివాడికి దక్కింది ఉత్త ధీమా. ఇద్దరికీ రసం అందలేదు, ఎందుకంటే గోడ ఇద్దరికీ మరీ సొంతం. ఈ రోజు ఆ బురుజు నీడన పరీక్షకు చదువుకుంటున్న అమ్మాయికి ఆ గోడతో ప్రాణాల పందెం ఏదీ లేదు. ఆమెకే అది వీరరసంగా అందుతుంది. కట్టడాల విషయంలో ఈ సాధారణీకరణం ఉత్త మానసిక వ్యవహారం కూడా కాదు. దస్తావేజు మారాలి, తాళంచెవి చేతులు మారాలి, రాజుగారి ఇల్లు ఎవరిదీ కాక అందరిదీ కావాలి. వనపర్తిలో 1959లో జరిగింది ఇదే. నాట్యశాస్త్రాన్ని బతికించిన పండితుడికి ఒకప్పుడు నీడనిచ్చిన సంస్థానపు ఇల్లే ఆ శాస్త్రపు లోతైన సూత్రాన్ని ఇటుకా సున్నంలో ఆచరించి చూపింది.

నల్లమల అంచున కొల్లాపూర్ మూడోది. సురభివారి జటప్రోలు సంస్థానం కృష్ణ ఒడ్డున పుట్టి, 19వ శతాబ్దంలో ఈ ఊరికి మకాం మార్చింది. తెలంగాణ మైసూరు అని మురిపెంగా పిలుచుకునే ఊరు. రాజబంగళా చుట్టూ గోడలు, లోపల మహళ్లు, ఊరి చుట్టూ మామిడితోటలు. ఎండాకాలంలో వెళ్లేవాళ్లకు కొల్లాపూర్ మామిడి వాసనే మొదట ఎదురొస్తుంది. ఇంగ్లిష్ ప్రభువులు తమ ఇంటి చుట్టూ పరిచిన ఉద్యానాలు కంటికి విందు. ఇక్కడి రాజుల తోటలు నాలుకకూ సంతకూ పనికొచ్చాయి, ఇప్పుడు రైతులవి అయ్యాయి.

ఇక్కడ చూడవలసింది మాధవస్వామి గుడి. సురభి రాజులు మంచాలకట్ట దగ్గర కృష్ణ ఒడ్డున కట్టించిన ఆలయం ఇది. శ్రీశైలం జలాశయం నిండబోతున్నదన్నప్పుడు రాయి రాయికీ అంకె వేసి విప్పి, బండ్లకెక్కించి, కొల్లాపూర్‌లో మళ్లీ పేర్చారు. అదే రోజుల్లో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నీ ఆలంపురానికి అలాగే తరలించారు. మాధవస్వామి గోడల వెంట విష్ణుమూర్తి రూపాలు వరసగా నిలబడి ఉంటాయి. ఆయుధాలు చేతులు మారుతుంటే పేరు మారుతుంది, ముఖంలోని ప్రశాంతత మాత్రం మారదు. ప్రదక్షిణగా నడుస్తుంటే ఒకే రాగాన్ని ఆరోహణలో అవరోహణలో వింటున్నట్టు ఉంటుంది. నది ఒడ్డు ఎండకు అలవాటైన ఆ రాళ్లు ఊరిమధ్య ఎండను వేరేగా పట్టుకుంటాయి. కిందినుంచి నీటి మెరుపు లేదు. ఆ లోటు నాకు తెలుస్తూనే ఉంటుంది, ప్రతి శిల్పం గడ్డం కిందా ఉండవలసిన ఒక చిన్న కదిలే వెలుగు ఇప్పుడు లేదు. అయినా ఊళ్లకు ఊళ్లు నీట మునిగిన చోట, ఇళ్లూ పొలాలూ వదిలి లేచిపోయిన జనం కళ్లముందు, వాళ్ల దేవుడూ వాళ్లతోపాటే లేచి వచ్చాడు. రాజధాని మార్చుకున్న వంశపు గుడి కూడా చివరికి రాజధాని దారే పట్టింది.

ఈ వంశానికే చెందిన సురభి మాధవరాయలు రాజే కాదు, కవి కూడా. ఆయన చంద్రికాపరిణయం తెలుగు ప్రబంధాల్లో అతి కష్టమైన వాటిలో ఒకటి. శ్లేష మీద శ్లేష. ఒక పద్యంలోకి దిగితే రెండు మూడు అర్థాలు ఒకేసారి ఎదురై ఏది తలుపో ఏది గోడో తెలియనివ్వవు. నదికీ అడవికీ నడుమ నేలను ఏలిన మనసే ఈ పద్యాలూ కట్టింది. చాలా తరాలు ఆ ప్రబంధం పండితుల చుట్టూనే తిరిగింది. 20వ శతాబ్దంలో కొల్లాపూర్ రాజు సురభి వెంకటలక్ష్మారావు తన పూర్వీకుడి కావ్యానికి వ్యాఖ్య రాయించారు. వెల్లాల సదాశివశాస్త్రి, అవధానం శేషశాస్త్రి కూర్చున్నారు. ప్రతి సమాసాన్నీ విప్పారు, ప్రతి శ్లేషకూ దాని అర్థాలన్నీ వేరుచేసి పెట్టారు. ఆ వ్యాఖ్యకు శరదాగమమని పేరు. శరత్తు వస్తేనే కదా వెన్నెల తేటపడేది. మాధవరాయల ప్రబంధాన్ని అందుకోవాలనుకునేవాళ్లు మూలం దగ్గర మొదలుపెట్టి భంగపడనక్కర్లేదు. ముందు శరదాగమం తెరవాలి, ఒక పద్యం తీసుకోవాలి, శాస్త్రులిద్దరూ విప్పిన వరుసలోనే దాన్ని పైకి చదువుకోవాలి. మూడో పద్యానికి చెవి అలవాటు పడుతుంది. పదో పద్యానికి వ్యాఖ్యకంటే ముందే రెండో అర్థం మీకే తడుతుంది.